నీచు వాసన చేపది కాదు

పెళ్ళయిన కొత్తలో మొదటిసారి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. తెల్లవారుజామున ఐదున్నర. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, చేపల మార్కెట్ అనగానే చెయ్యి ముక్కు మీదికి పోతుంది. మా అత్తయ్య నా జేబురుమాలు చూసి నవ్వి, ఒక గంపలోంచి కానాగుర్తను తోక పట్టుకుని తీసి నా ముందు పెట్టారు. "రుమాలు తీసి వాసన చూడండి అల్లుడుగారూ" అన్నారు.

చూశాను. నీచు లేదు. అప్పుడే కోసిన కీరదోసకాయలా పచ్చిగా, కాస్త సముద్రపు గాలిలా ఉంది. హార్బర్‌లో కంపు లేదా అంటే బోలెడంత ఉంది. కానీ అది నేల మీద నిలిచిన నీళ్ళది, కడగని గంపలది, పక్కన ఆరబెట్టిన ఎండుచేపలది. నా ముక్కు ముందున్న చేపది మాత్రం కాదు. అంతకాలం నేను చేప వాసన అనుకున్నది అసలు చేప వాసనే కాదు.

మరి ఎవరిది? సముద్రపు చేపల కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. ఉప్పునీళ్ళలో, లోతుల్లో, ఒంట్లోని ప్రొటీన్లు చెదరకుండా కాపాడే సరుకు ఇది. దీనికి వాసన లేదు. చేప చచ్చాక, దాని చర్మం మీద, మొప్పల్లో, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా దీన్ని విరగ్గొట్టి ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి. పేరులో ఒక్క ముక్క తగ్గింది అంతే, నీచు మొదలవుతుంది. అంటే ముక్కుకి తగిలేది చేప జాతి కాదు, అది చచ్చాక గడిచిన కాలం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ కాలం ఎంత వేడిలో గడిచిందన్న లెక్క.

చెరువు చేపల్లో ఈ పదార్థం బాగా తక్కువ. అందుకే కొర్రమీను, బొచ్చె, శీలావతి సముద్రపు చేపల్లా నీచు కొట్టవు. వాటి సమస్య వేరు, మట్టివాసన. తొలకరి పడ్డప్పుడు నేలలోంచి వచ్చే వాసనకు కారణమైన జియోస్మిన్ అనే పదార్థమే దానికీ మూలం. చెరువులో పెరిగే నాచులాంటి సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తే, చేప చర్మంలోనూ కొవ్వులోనూ చేరుతుంది. ఇది తాజాదనానికి సంబంధించింది కాదు. గంట క్రితం పట్టిన బొచ్చె కూడా మట్టివాసన కొట్టొచ్చు. చాలామంది ఈ రెండు వాసనలనూ కలిపేసి "చేప కంపు" అనేస్తారు.

మన వంటల్లో చేపకీ చింతపండుకీ ఉన్న చుట్టరికం ఇక్కడ అర్థమవుతుంది. ట్రైమిథైలమైన్ క్షార గుణం కలది. పులుపు తగిలితే లవణంగా మారిపోతుంది, ఇక గాల్లోకి లేవలేదు, ముక్కును చేరలేదు. చేపలు కడిగాక చేతులకు నిమ్మచెక్క రుద్దుకోవడం, కొందరు మజ్జిగలో నానబెట్టడం, ఉత్తరాంధ్రలో మామిడికాయ ముక్కలు వేయడం, అన్నీ ఈ ఒక్క పనే చేస్తాయి. జియోస్మిన్ కూడా పులుపుకి లొంగుతుంది. కాబట్టి చెరువు చేపకైనా సముద్రపు చేపకైనా పులుసు పనిచేస్తుంది. కాకపోతే ఒకటి, పులుపు వాసనను అణుస్తుంది గానీ పాతచేపను కొత్తది చేయదు. హోటల్లో చేపల పులుసు మరీ ఘాటుగా, మరీ పుల్లగా ఉంటే నాకు అనుమానమే.

ఈ వాసనల కథలో సొరచేపది ప్రత్యేక అధ్యాయం. దాని ఒంట్లో ఆ ఆక్సైడ్‌తో పాటు యూరియా కూడా దండిగా ఉంటుంది. చచ్చాక యూరియా అమ్మోనియాగా మారుతుంది. మామూలు కూర చేస్తే ముక్కు పగిలిపోతుంది. మన తీరంలో దానికి కనిపెట్టిన ఉపాయం సొర పిట్టు. చేపను ముందు ఉడకబెట్టి, చర్మం ఒలిచి, కండను చిదిపి, ఆ నీళ్ళన్నీ గట్టిగా పిండేసి, అప్పుడు ఉల్లి, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లితో పొడిపొడిగా వేయిస్తారు. యూరియా, అమ్మోనియా నీళ్ళలో కరుగుతాయి, పిండితే పోతాయి. రసాయన శాస్త్రం చదవని చేతులు దాన్ని ఎప్పుడో పట్టేశాయి.

ఇప్పుడు ఆ వేడి లెక్కకి వద్దాం. తాజా చేప అంటే మనం మొదట అడిగేది "ఎప్పుడు పట్టారు?" అని. అది సగం ప్రశ్నే. చేప పాడయ్యే వేగం వేడిని బట్టి మారుతుంది. సున్నా డిగ్రీల దగ్గర, అంటే కరుగుతున్న ఐసులో, పాడయ్యే వేగం ఒకటి అనుకుంటే, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో అది దాదాపు రెండు రెట్లు, 10 డిగ్రీల దగ్గర నాలుగు రెట్లు. ఇక మన మే నెల ఎండలో గంపలో పెట్టుకుని వీధులు తిరిగితే చెప్పక్కర్లేదు. ఉదయం పట్టి మధ్యాహ్నం దాకా ఎండలో ఉన్న చేప కంటే, ఐదు రోజుల క్రితం పట్టి క్షణం కూడా ఐసు వదలని చేప మేలు.

హార్బర్‌లో కొనే చేప అంతా ఆ రాత్రి పట్టిందే అనుకోవడం మరో పొరపాటు. పెద్ద మరబోట్లు ఒకసారి వెళితే పది పదిహేను రోజులు సముద్రంలోనే ఉంటాయి. వేట మొదటి రోజు పడిన చేప, చివరి రోజు పడిన చేప ఒకే బోటులోంచి దిగుతాయి. అదే చిన్న ఫైబర్ బోట్లు, తెప్పలు అయితే రాత్రి వెళ్ళి పొద్దున్నే ఒడ్డుకొస్తాయి. మా అత్తయ్య హార్బర్‌లో అడిగే మొదటి ప్రశ్న ధర గురించి కాదు, "ఏ బోటుదమ్మా?" అని.

ఐసు విషయంలోనూ ఒక తిరకాసు ఉంది. ఐసు చేపను చల్లబరిచేది తాను కరుగుతూనే. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీల వేడిని పీల్చుకుంటుంది. చేప ఒంటి వేడి అలా పోతుంది, కరిగిన నీరు పైనుంచి కిందికి జారుతూ జిగురునీ బ్యాక్టీరియానీ కడిగేస్తుంది. మనలాంటి వేడి ప్రాంతాల్లో కిలో చేపకి కిలో ఐసు ఉండాలన్నది లెక్క. రోడ్డు పక్క బండి మీద చేపల కింద మాత్రమే పరిచిన నాలుగు ఐసు పెళ్ళలు అలంకారానికి తప్ప దేనికీ పనికిరావు. అయితే మనకు కలిసొచ్చే సంగతి కూడా ఉంది. మన వెచ్చని సముద్రపు చేపల మీద ఉండే బ్యాక్టీరియాకి చలి అలవాటు లేదు, ఐసు తగిలితే ముడుచుకుపోతాయి. అందుకే చలిదేశాల చేపల కంటే మన చేపలు ఐసులో ఎక్కువ రోజులు నిలుస్తాయి.

ఎలా చూసి కొనాలన్నది అందరికీ కొంత తెలిసిందే. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. లోపలికి పోయి పాలకన్నులా ఉంటే వదిలేయాలి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, గోధుమరంగులోకి తిరగకూడదు. వేలితో నొక్కితే గుంట పడి మళ్ళీ లేవాలి. పొట్ట బిగువుగా ఉండాలి, చేపకి ముందు చెడేది పొట్టే. ఈ పరీక్షలన్నీ నిండు చేపకే. వంజరం ముక్కలు ట్రేలో పేర్చి ప్లాస్టిక్ కప్పి అమ్ముతుంటే కన్నూ లేదు, మొప్పా లేదు, ఇక చూసేదేముంది? కాబట్టి ముక్కలు కొనను, చేపను చూపించి నా ముందే కోయమంటాను. చేప పెద్దదైతే పక్కింటివాళ్ళతో పంచుకుంటాం.

రొయ్యలకి తల, ఒళ్ళు విడిపోకుండా గట్టిగా అతుక్కుని ఉండాలి. తల మీద నల్లమచ్చ కనిపిస్తే కుళ్ళిపోయిందని పారేయక్కర్లేదు. కోసిన వంకాయ నల్లబడినట్టు, రొయ్యలోని ఎంజైము గాలి తగిలి చేసే పని అది. కాకపోతే పట్టి కొంతసేపయిందని చెబుతుంది. అరిగించే రసాలన్నీ తలలోనే ఉంటాయి కాబట్టి, వెంటనే వండకపోతే తల తీసేసి దాచడం మంచిది, లేకపోతే తల దగ్గర కండ మెత్తబడుతుంది. పీతలు మాత్రం కదులుతున్నవే కొనాలి. చచ్చిన పీత ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ఒకే సైజువి రెండు చేతుల్లో పట్టుకుని తూచి చూడండి. బరువుగా ఉన్నదాంట్లో కండ ఉంటుంది, తేలికది ఈమధ్యే పెంకు మార్చుకుని నీళ్ళతో నిండినది.

చేప చెడకుండా కొందరు దొంగచాటుగా కలుపుతారనే ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ కలిపిన నీళ్ళు) భయం గురించి ఒక మాట. 2018లో కేరళ, గోవాలలో ఈ గొడవ పెద్దదయింది. ఆ ఏడాదే అస్సాం ఆంధ్ర నుంచి వచ్చే చేపలను కొన్నాళ్ళు ఆపేసింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపమీద రుద్ది రంగు చూసి కనిపెట్టే కాగితపు ముక్కల కిట్ కూడా తెచ్చింది. "ఈగలు వాలకపోతే ఫార్మలిన్ ఉన్నట్టే" అన్న మాట మాత్రం నమ్మదగింది కాదు. ఐసు నిండుగా ఉన్నా ఈగలు తగ్గుతాయి. పైగా కొన్ని సముద్రపు చేపల్లో మనం చెప్పుకున్న ఆ ఆక్సైడే విరిగి, కొద్దిపాటి ఫార్మాల్డిహైడ్ దానంతటదే పుడుతుంది. కాబట్టి పరీక్షలో ఏదో కనబడగానే ఎవరో కలిపారని కాదు, ఎంత ఉందన్నది చూడాలి.

ఇవన్నీ తెలుసుకున్నానని ధీమాగా ఉన్న రోజుల్లోనే ఒక దెబ్బ తిన్నాను. హైదరాబాద్‌లో ఒక షాపులో కానాగుర్తలు కొన్నాం. కన్ను ఫర్వాలేదు, వాసన పెద్దగా లేదు. కరకరలాడేలా వేయించుకుని తిన్నాం. అరగంట కాకముందే నా ముఖం, మెడ ఎర్రబడి మంట, తల దిమ్ము, గుండె దడదడ. ఇంట్లో ఒకటే టెన్షన్. "మీకు చేప పడదేమో" అని మా ఆవిడ. డాక్టరు అడిగిన మొదటి మాట "ఏం చేప?" అని. కానాగుర్త అనగానే తలాడించారు. అలర్జీకి వాడే మందే ఇచ్చారు, కొన్ని గంటల్లో తగ్గిపోయింది. కానీ అది అలర్జీ కాదన్నారు.

కానాగుర్త, ట్యూనా, వంజరం, కవళ్ళు లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప కొన్ని గంటలు వెచ్చగా ఉంటే కొన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని హిస్టమైన్‌గా మారుస్తాయి. అలర్జీ వచ్చినప్పుడు మన ఒంట్లో విడుదలయ్యేదీ ఇదే, అందుకే లక్షణాలు ఒకేలా ఉంటాయి. అసలు చిక్కేమిటంటే, ఒకసారి పుట్టిన హిస్టమైన్ వేయించినా, ఉడికించినా, మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. బ్యాక్టీరియా చస్తుంది, అది చేసిన సరుకు మిగులుతుంది. వాసనతో పసిగట్టడం కూడా కష్టం. పడవ మీదో లారీలోనో ఒక పూట ఐసు లేకుండా ఉండి, తర్వాత మళ్ళీ ఐసెక్కిన చేప కంటికి బాగానే కనిపిస్తుంది. "నాకు వంజరం పడదు, చందువా అయితే ఏమీ కాదు" అనేవాళ్ళలో కొందరి సంగతి ఇదేనేమో అని నా అనుమానం. నిజమైన అలర్జీ ఉన్నవాళ్ళూ ఉంటారు, అది డాక్టరు తేల్చాల్సిందే, ప్రయోగాలు చేయకూడదు. నేను మాత్రం తర్వాత భీమిలిలో తెప్ప దిగిన కానాగుర్తలు నాలుగు తిన్నాను, ఏమీ కాలేదు.

తాజాదనం మీద మోజు మరీ ఎక్కువైతే ఇంకో పొరపాటు జరుగుతుంది. "వలలోంచి నేరుగా పొయ్యి మీదికి" అంటారు. రుచి కోసమైతే అది మంచిది కాదు. చేప చచ్చిన కొద్ది గంటలకు ఒళ్ళు కొయ్యబారుతుంది, తర్వాత మళ్ళీ వదులవుతుంది. బిగుసుకునే సమయంలో వండితే ముక్క మెలితిరిగి, నీరు వదిలి, గట్టిపడుతుంది. తొట్టెలో ఈదే కొర్రమీనును కళ్ళముందే కొట్టించి, ఇంటికి రాగానే నూనెలో వేస్తే ముక్కలు వంకర్లు పోవడం మీరూ చూసే ఉంటారు. రుచి సంగతి కూడా అంతే. బతికున్నప్పుడు కండకు శక్తినిచ్చే ఏటీపీ, చచ్చాక మెల్లగా విరుగుతూ ఐనోసినేట్ అనే పదార్థంగా మారుతుంది. కమ్మదనం దీనిదే. 1913లో జపాన్ శాస్త్రవేత్త షింటారో కొడామా ఎండబెట్టిన ట్యూనాలో రుచినిచ్చేది ఇదేనని తేల్చాడు. ఇది చచ్చిన క్షణాన ఉండదు, కొన్ని గంటలకు పోగవుతుంది, తర్వాత రోజులు గడిచేకొద్దీ విరిగిపోయి కాస్త చేదెక్కుతుంది. కాబట్టి పొద్దున కొన్న చేపను కడిగి, ఐసు మధ్య పెట్టి, సాయంత్రం వండుకుంటే నష్టమేమీ లేదు, లాభమే.

కడగడంలో మా అత్తయ్య మూడు చోట్ల రాజీపడరు. వెన్నెముక వెంబడి గడ్డకట్టిన నెత్తురు, పొట్టలోపలి నల్లటి పొర, మొప్పలు. ఈ మూడూ వేలిగోటితో, పాత టూత్‌బ్రష్‌తో పూర్తిగా తీయాల్సిందే. పిత్తం చితికితే ఆ ముక్క చేదు, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. కల్లుప్పు, పసుపు వేసి జిగురు పోయేదాకా రుద్దుతారు. అయితే ముక్కలు కోశాక నీళ్ళలో నానబెట్టనివ్వరు. "రుచంతా కాలవలో కలుస్తుంది" అంటారు.

వంట దగ్గర తెలుసుకోవాల్సింది ఒక్కటే, చేప మాంసం లాంటిది కాదు. మేక కాలికి అది రోజంతా మోసిన బరువు తెలుసు, అందులో కండను పట్టి ఉంచే బంధన కణజాలం గట్టిది. చేపను నీరే మోస్తుంది. దాని కండ పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరలను అతికించి ఉంచే కొలాజెన్ కొద్ది వేడికే కరిగి జిగురవుతుంది. అందుకే ఉడికిన ముక్క రేకులుగా విడిపోతుంది. అందుకే పులుసులో ముక్కలు వేశాక గరిటె పెట్టరు, గిన్నె చెవులు పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. పులుసును ముందే బాగా మరిగించి, చిక్కబడ్డాక ముక్కలు వేయాలి. పది నిమిషాలు చాలు. మొదటి నుంచీ ముక్కలు వేసి అరగంట మరిగిస్తే చివరికి ముల్లు మిగులుతుంది.

రొయ్యల దగ్గర మన ఇళ్ళలో చేసే ఒక పని నాకు నచ్చదు. ఉప్పు, పసుపు వేసి నీరంతా ఇగిరేదాకా వేయించి, మళ్ళీ మసాలాలో మరో పావుగంట ఉడికిస్తారు. రబ్బరు తినడానికి అంత డబ్బు ఎందుకు? నీరు వదలగానే రొయ్యలను పక్కకి తీసి, ఆ నీటితోనే మసాలా ఉడికించి, చివర్లో రొయ్యలను కలిపితే సరి. దగ్గరకు ముడుచుకుని, గులాబీరంగు తిరిగిందంటే అయిపోయినట్టే. ఈ మాట మా అత్తయ్యకు చెబితే ఒప్పుకోలేదు, ఆవిడ పద్ధతి ఆవిడదే.

రేపటి పులుసు నేటి పులుసు కంటే రుచి అన్న మాటలో నిజముంది. చర్మం, తల, ముళ్ళ నుంచి కరిగిన జిగురు రాత్రంతా పులుసును చిక్కబరుస్తుంది. ఉప్పు, పులుపు ముక్క మధ్యదాకా నెమ్మదిగా చేరతాయి. పులసకైతే దీనికి తోడు కొవ్వు. సముద్రంలో ఇలస అని పిలిచే ఈ చేప, వరదల సమయంలో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది, ఆ ప్రయాణం కోసమే ఒంటినిండా కొవ్వు పట్టించుకుని బయల్దేరుతుంది. ఆ కొవ్వు పులుసులోకి దిగి, బెండకాయల మధ్య నూనెలా తేలుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డం, వేట ఎక్కువ, దొరికేది తక్కువ. దాంతో వేరే చోట్ల ఇలసలు కూడా పులస పేరుతో, పులస ధరకి అమ్ముడవుతుంటాయి. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్నారు గానీ, అమ్మేముందు అది పులసేనా అని చూసుకోవాలి.

కాలాన్ని బట్టి కొనడం మనం మరిచిపోతున్న ఇంకో విద్య. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. ఇప్పుడు మృగశిర కార్తె గుర్తు చేసుకోండి. జూన్ 8 ప్రాంతంలో హైదరాబాద్‌లో చేప ముక్క పడని ఇల్లుండదు, రాంనగర్ మార్కెట్‌లో కాలుపెట్టే సందుండదు. సరిగ్గా ఆ రోజున రెండు తీరాల్లోనూ మరబోట్లు ఒడ్డునే ఉంటాయి! ఆ రోజు "తాజా వంజరం" అని అరిచి అమ్మేదాంట్లో చాలావరకు కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిందే అయ్యుండాలి. ఆ రోజుకి చెరువు చేపే సరైనది. ఆనవాయితీలోనూ ముందున్నది కొర్రమీనే, అది తెలంగాణ రాష్ట్ర చేప కూడా. గాలి పీల్చి బతకగలదు కాబట్టి బతికుండగానే మార్కెట్‌కి వస్తుంది, తాజాదనం గురించి వాదనే లేదు.

ధరకీ తాజాదనానికీ సంబంధం లేదన్నది నేను చివరగా నేర్చుకున్నది. మూడు చేతులు మారి వచ్చిన వంజరం కంటే, పొద్దున తెప్ప దిగిన కవళ్ళు రుచి. ఆ మొదటి రోజు హార్బర్‌లో నేను వంజరం వైపు చూస్తుంటే, మా అత్తయ్య నెత్తళ్ళు, కానాగుర్తలు కొని సంచి నింపారు. అల్లుడికి నెత్తళ్ళు, కానాగుర్తలా అని మామయ్య చిన్నబుచ్చుకున్నారు. మధ్యాహ్నం నెత్తళ్ళ వేపుడు దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

మొన్న ఆదివారం రాంనగర్ మార్కెట్‌కి వెళ్ళాను. ఒక బండి దగ్గర గోనెపట్టా ఎత్తి, చేపల మధ్య చెయ్యి పెట్టి, ఐసు అడుగుదాకా ఉందా లేదా అని వెతుకుతున్నాను. అమ్మే ఆయన కాసేపు చూసి, "సారూ, చాపలు కొననీకి వచ్చినవా, ఐసు కొననీకి వచ్చినవా?" అన్నాడు. పక్కవాళ్ళంతా నవ్వారు. తర్వాత ఆయనే బండి కిందున్న డబ్బా మూత తీసి, ఐసులోకి మోచేయి దాకా చెయ్యి దించి, అడుగు నుంచి ఒక కానాగుర్తను తీసి మొప్ప ఎత్తి చూపించాడు.